ఖురాక్ చెప్పేవాడి సనద్ ఎక్కడ?

తెలుగులో జిమ్‌కి పాత మాట తాలింఖానా. నిఘంటువుల్లో ఇప్పటికీ ఉంది. తాలీమ్ అంటే అరబీలో నేర్పడం. ఇల్మ్, ముఅల్లిం అన్న మాటలు కూడా ఆ వేరు నుంచి మొలిచినవే. పిల్లాడు పలక పట్టుకుని మౌల్వీసాబ్ ముందు కూర్చుంటే అదీ తాలీమే, లంగోటా బిగించి మట్టిలో దిగితే అదీ తాలీమే. అంటే కండ పెంచడాన్ని మన దక్కన్ వాళ్లు చదువుల్లో ఒకటిగా లెక్కేశారన్నమాట. చదువన్నాక ఉస్తాద్ ఉండాలి. ఉస్తాద్ అన్నాక ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఎవరు ఆయనకు నేర్పే ఇజాజత్ ఇచ్చారు అనే ప్రశ్న ఉండాలి. ఆ ప్రశ్నకు జవాబునే సనద్ అంటాం.

ఒక్క తాలింఖానానే కాదు. కసరత్తు, కుస్తీ, పైల్వాను, ఉస్తాదు, లంగోటా... ఒంటిని సాధన చేయడానికి సంబంధించి తెలుగువాళ్లు రోజూ వాడే మాటల్లో సగం ఫార్సీ, అరబీ, ఉర్దూల మీదుగా వచ్చినవే. ఎవరి మతం ఏదైనా మట్టిలో దిగాక భాష ఒకటే. అయితే మాటలు మిగిలాయి గానీ వాటి వెనక ఉన్న సనద్ అనే ఆలోచన జారిపోయింది. నా బాధ అది.

ఎందుకంటే ఇవాళ కదిరిలోనో గుంతకల్లులోనో ఉన్న కుర్రాడికి ఉస్తాద్ ఫోన్‌లో దొరుకుతున్నాడు. ముప్పై సెకన్ల రీల్, వెనక పాట, చొక్కా లేని ఒళ్లు. కింద ఒక డబ్బా లింకు. షాపులో పనిచేసే పిల్లాడు నెల జీతంలో నాలుగో వంతు ఆ డబ్బాకి పోస్తున్నాడు. అదే ఇంట్లో వాళ్ల అమ్మీ ఇంకో వీడియో చూసి షుగర్ మాత్రలు ఆపేస్తోంది. ఇది ఎవరి ఇంటి సంగతో కాదు, మన ఇళ్లలోదే. కాబట్టి ‘ఎవర్ని ఫాలో అవ్వాలి భాయ్?’ అన్న ప్రశ్న చిన్న ప్రశ్న కాదు. అది కొత్త ప్రశ్న కూడా కాదు. ఏం తినాలో, ఎంత తినాలో చెప్పే వాళ్లు ఈ అనంతపురం మెరక నేలకి ఇంతకుముందు కూడా వచ్చారు. వాళ్లలో ఒకడి మాట విన్నందుకు ఎంత నుక్సాన్ జరిగిందో ముందు ముందు చెబుతాను.

మొదట ఒక రాజుగారి ‘మార్నింగ్ రొటీన్’. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయస్, శ్రీకృష్ణదేవరాయల దినచర్య రాసిపెట్టాడు. మన పెనుకొండ ఆ రాజ్యానికి రెండో రాజధానిలాంటిది, కాబట్టి ఇది ఇంటి కథే. తెల్లవారకముందే రాయలు నువ్వుల నూనె తాగేవాడట, ముప్పావు పింటు దాకా. అదే నూనె ఒళ్లంతా పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు చేతులతో ఎత్తి, ఆ నూనె చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పి, తర్వాత తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టి, ఆపైన గుర్రమెక్కి మైదానంలో తెల్లారేదాకా తిరిగేవాడట. దీన్ని ఇవాళ రీల్ చేస్తే లక్షల్లో చూస్తారు. ‘రాయలవారి సీక్రెట్: పొద్దున్నే నూనె!’ అని టైటిల్ కూడా సిద్ధం. చూసినవాడు నూనె ఒక్కటే తీసుకుంటాడు. బరువులు, కత్తి, కుస్తీ, గుర్రం వదిలేస్తాడు. పాయస్ రాయని మనిషి ఒకడున్నాడు కూడా: రాయలకు బరువులెన్ని ఎత్తాలో, ఎక్కడ ఆపాలో నేర్పినవాడు. సన్నివేశంలో కండ కనిపిస్తుంది, తాలీమ్ కనిపించదు. ఇది అయిదు వందల ఏళ్ల నాటి చిక్కు.

తాలింఖానాలో ఉస్తాద్ చేసే మొదటి పని చూడటం. కొత్త షాగిర్ద్ నడక చూస్తాడు, భుజం చూస్తాడు, ఊపిరి ఎంతసేపట్లో అందుకుంటున్నాడో చూస్తాడు. వాడి ఇంట్లో బర్రె ఉందా, వాడి నాన్న బండి తోలతాడా, బట్టలు కుడతాడా అన్నదీ ఆయనకు తెలుసు. అందుకే ఇద్దరు షాగిర్దులకు ఒకే ఖురాక్ చెప్పడు. ఒకడికి బాదం చెబితే ఇంకొకడికి నానబెట్టిన శనగలు చెబుతాడు. రెండోవాడు బాదం కొనలేడని తెలుసు గనక. షాగిర్ద్ మోకాలు పోతే ఊరంతా అడిగేది ఉస్తాద్‌నే. ఆ సిగ్గు, ఆ జిమ్మేదారీ ఆయన మెడ మీద ఉంటాయి.

యునానీ హకీంల పద్ధతి కూడా ఇదే దారిలో నడిచింది. యునానీ తిబ్‌లో ‘అస్బాబె సిత్తా జరూరియా’ అని ఆరు తప్పనిసరి సంగతులు చెబుతారు. గాలి, తిండీ నీళ్లూ, ఒంటి కదలికా విశ్రాంతీ, మనసు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, లోపల నిలవాల్సింది నిలవడం, పోవాల్సింది పోవడం. ఇబ్న్ సీనా తన ఖానూన్‌లో రియాజత్ మీద, అంటే కసరత్తు మీద విడిగా రాశాడు. వయసును బట్టి, మిజాజ్‌ను బట్టి కసరత్తు మారాలన్నది ఆయన మాట. మందుకన్నా ముందు తిండితో వైద్యం, దాన్ని ‘ఇలాజ్ బిల్ గిజా’ అంటారు. ఈ చదువు మనకు దూరం కూడా కాదు, పక్కనున్న కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ కళాశాలలో ఇప్పటికీ చెబుతున్నారు. పాత హకీం చెప్పిన ప్రతి నుస్ఖా ఇవాళ్టి పరీక్షకు నిలుస్తుందని నేను అనను. కొన్ని నిలవవు. కానీ నబ్జ్ పట్టకుండా నుస్ఖా రాసే హకీంని హకీం అనేవాళ్లు కాదు. నేను పట్టుకున్నది ఆ ఒక్క అదబ్‌ని.

పైల్వాన్ల ఖురాక్ కథలు ఇప్పుడు ఫోన్లలో బాగా తిరుగుతున్నాయి. ముఖ్యంగా గామా పైల్వాన్ కథ. అసలు పేరు గులాం ముహమ్మద్. 1910లో లండన్‌లో పోలెండ్ మల్లుడు జ్బిస్కోతో రెండున్నర గంటలకు పైగా తలపడ్డాడు, అది తేలలేదు. రెండోసారి కుస్తీకి జ్బిస్కో రాలేదు, బెల్టు గామాకి దక్కింది. 1928లో పటియాలాలో మళ్లీ కలిస్తే నిమిషం కూడా పట్టలేదు. ఇవన్నీ పక్కా. కానీ ఆయన రోజుకు ఎన్ని దండీలు తీశాడు, ఎన్ని బస్కీలు తీశాడు, ఎన్ని సేర్ల పాలు తాగాడు అనే అంకెలు మాత్రం చెప్పేవాడిని బట్టి పెరుగుతూ పోతుంటాయి. సరే, పెరగనివ్వండి. ఆ పాలూ నెయ్యీ బాదం ఎవరి ఖజానా నుంచి వచ్చాయన్నది మాత్రం రీల్‌లో ఎవడూ చెప్పడు. సంస్థానాల దర్బార్లు ఆయన్ని పోషించాయి. దర్బార్లు పోయాక, దేశం రెండయ్యాక, లాహోర్‌లో ఆ మహా పైల్వాన్ జబ్బుతో, డబ్బు ఇబ్బందులతో 1960లో కన్నుమూశాడు. దర్బారు లేకుండా దర్బారు ఖురాక్‌ని నకలు చేయబోయే మన కుర్రాళ్లకు ఎవరైనా ఈ సగం కథ కూడా చెబితే బాగుండు.

ఉస్తాద్‌కీ షాగిర్ద్‌కీ మధ్య దూరం మొదట తెచ్చింది అచ్చు యంత్రం, టపా. ఫోన్ తర్వాత వచ్చింది. జర్మనీలో పుట్టి లండన్‌లో స్థిరపడిన యూజెన్ శాండో 1898లో తన పత్రిక పెట్టాడు, 1901లో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఒళ్ల పోటీ జరిపించాడు, 1904, 05లలో హిందుస్తాన్‌కి వచ్చి ఊరూరా ప్రదర్శనలిచ్చాడు. మన తెలుగు మగవాళ్లంతా చొక్కా కింద ఈయన పేరు తొడుక్కుంటున్నారు: శాండో బనియన్. చేతుల్లేని ఆ బనియన్‌కి ఆ పేరు ఆయన వల్లే. ఆయనకున్న కండ నిజం, మెహనత్ నిజం. వ్యాపారం కూడా అంతే నిజం. టపాలో కసరత్తు పాఠాలు, ఆయన పేరుతో సాధనాలు, చివరికి ఆయన పేరుతో ఒక కోకో పొడి! తాగితే ఆరోగ్యం, బలం అని ప్రకటన. కండ చూపించి పొడి అమ్మడం అనే హునర్‌కి వందేళ్లు దాటాయన్నమాట. ఆ కోకో కంపెనీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో దివాలా తీసింది. కోకో తాగిన ఎవరికీ ఆ ఒళ్లు రాలేదు, ఎందుకంటే శాండోకి కూడా ఆ ఒళ్లు కోకోతో రాలేదు.

అదే టపాని ఇంకాస్త నిజాయితీగా వాడుకున్న మనిషి మన పక్కనే ఉన్నాడు. బెంగళూరులో కె.వి. అయ్యర్. 1897లో పుట్టిన కోలారు వెంకటేశ అయ్యర్, హెర్క్యులెస్ జిమ్నాజియం నడిపాడు. 1930లో ‘మజిల్ కల్ట్’, 1936లో ‘పర్ఫెక్ట్ ఫిజిక్’, ఆ తర్వాత సూర్యనమస్కారాల మీద పుస్తకం తెచ్చాడు. దూరాన ఉన్నవాళ్లకు టపాలో పాఠాలు పంపాడు. కన్నడలో ‘శాంతల’ నవల రాసిన సాహిత్యకారుడు కూడా ఈయనే. అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్లు. ఈ మెరక నుంచి ఎందరు ఆ పాఠాలు తెప్పించుకున్నారో గానీ, తెప్పించుకున్నవాడు కావాలంటే రైలెక్కి వెళ్లి జిమ్నాజియం గడప తొక్కి ఉస్తాద్‌ని కళ్లారా చూడగలిగేవాడు. అయ్యర్‌కి అడ్రస్ ఉంది. ఎదురుగా చేసి చూపించే షాగిర్దులున్నారు. మైసూరు మహారాజా పక్షవాతం తర్వాత ఆయన దగ్గర కసరత్తు చేశాడు. అంటే జబ్బుపడ్డ ఒంటికీ, కుర్రాడి ఒంటికీ తేడా తెలిసిన ఉస్తాద్. ఫోన్‌లో కనిపించే కోచ్‌ని చూసినప్పుడు నేను అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: ఈయన దగ్గర ముసలివాళ్లు, జబ్బు చేసినవాళ్లు, లావుపాటి ఆడవాళ్లు, సన్నపాటి పిల్లలు ఉన్నారా? లేక తనలాంటి పాతికేళ్ల ఒళ్లేనా? పాతికేళ్ల వయసులో ఎవడు ఏం చేసినా కొంత కండ వస్తుంది. అది ఉస్తాదీకి సబూత్ కాదు.

ఇక ఆ పాత నుక్సాన్ సంగతి. 1876లో ధాత నామ సంవత్సరం. వానలు పోయాయి. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, బళ్లారి జిల్లాలో భాగం. 1882లో గానీ విడిగా జిల్లా కాలేదు. ఇప్పుడు మనం రాయలసీమ అంటున్న ఆ దత్త మండలాలే కహత్ దెబ్బ తిన్న ముఖ్య ప్రాంతాల్లో ఉన్నాయి. జనం రోడ్లు వేసే, చెరువులు తవ్వే కరువు పనులకు పోయారు. వాళ్లకు రోజుకు ఎంత తిండి ఇవ్వాలి? వైస్రాయ్ లిట్టన్ సర్కారు సర్ రిచర్డ్ టెంపుల్‌ని 1877 జనవరిలో మద్రాసు ప్రెసిడెన్సీకి పంపింది.

టెంపుల్ ఎవరో కాస్త తెలుసుకోవాలి. 1873, 74లో బీహార్, బెంగాల్ వైపు కరువొస్తే ఈయనే బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని చావనివ్వలేదు. అందుకు మెచ్చుకోవాల్సింది పోయి, డబ్బు తగలేశాడని తిట్టారు. రెండోసారి వచ్చినప్పుడు ఆయన మీద ఆ మచ్చ ఉంది, ఖర్చు తగ్గించమన్న హుకుం ఉంది. వచ్చి, తొందర తొందరగా తిరిగి, పనిలోని మగవాడికి రోజుకు ఒక పౌండు ధాన్యం ఖరీదు, దానిపైన చిల్లరగా కొద్ది డబ్బు చాలన్నాడు. ఒక పౌండంటే సుమారు 450 గ్రాములు. ఎండలో రాళ్లు కొట్టే మనిషికి. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. దీన్నే చరిత్రలో ‘టెంపుల్ కూలి’ అంటారు.

దీనికి ఎదురు నిలిచింది ఒక డాక్టర్. మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యూ.ఆర్. కార్నిష్. ఈయన సనద్ చూడండి. అప్పటికి పద్నాలుగేళ్ల ముందే, 1863లో, మద్రాసు ప్రెసిడెన్సీ జనం ఏం తింటారు, జైళ్లలో ఖైదీలకు ఏం పెడుతున్నారు అన్నదాని మీద జిల్లాల నుంచి సమాచారం తెప్పించి నివేదిక తెచ్చాడు. ఏ ఊళ్లో రాగి, ఏ ఊళ్లో జొన్న, ఏ ఊళ్లో వరి, పప్పు ఎంత, ఆకుకూర ఎంత అన్నది కూర్చుని లెక్క కట్టిన మనిషి. ఆయన అన్నది: కష్టం చేసే మనిషికి తక్కువలో తక్కువ పౌండున్నర ధాన్యం కావాలి, దానితోపాటు పప్పూ కూరగాయలూ కావాలి. జైల్లో ఖైదీకి ఇస్తున్నదాని కన్నా కరువు కూలీకి తక్కువ ఇస్తున్నారని ఎత్తిచూపాడు. ఒంట్లో కొవ్వూ కండా కరిగిపోయే ఆకలి పైకి వెంటనే కనిపించదు, కనిపించేసరికి మనిషి తిరిగి కోలుకునే దశ దాటిపోతాడని వాదించాడు. 1877 మార్చిలో మద్రాసు సర్కారు సగం దూరం దిగివచ్చింది. పౌండుంబావు ధాన్యం, ఔన్సున్నర పప్పు, అంటే సుమారు 570 గ్రాముల గింజలు, 40 గ్రాముల పప్పు. అప్పటికి చాలామందికి ఆలస్యమైపోయింది. ఆ కహత్‌లో బ్రిటిష్ పాలనలోని ప్రాంతాల్లోనే 55 లక్షల మంది పోయారని ఒక లెక్క.

ఈ ఇద్దరూ తెల్లదొరలే, ఇద్దరూ సర్కారు నౌకర్లే, ఇద్దరూ ఖురాక్ గురించే మాట్లాడారు. టెంపుల్ చదువుకున్నవాడు, షోహ్రత్ ఉన్నవాడు, ఆత్మవిశ్వాసంతో మాట్లాడగలవాడు. ఈ రోజుల్లో పుట్టి ఉంటే ఆయనకే ఎక్కువ ఫాలోవర్లు ఉండేవాళ్లు. తేడా ఎక్కడుంది? ఒకరి అంకె ఖజానా దగ్గర మొదలై ఒంటి దగ్గరికి వచ్చింది. ఇంకొకరి అంకె ఒంటి దగ్గర మొదలై ఖజానా దగ్గరికి పోయింది. నిన్న బీహార్‌లో ఒక మాట, ఇవాళ మద్రాసులో ఇంకో మాట చెప్పినప్పుడు, మాట మారడానికి కారణం కొత్త తజుర్బానా, లేక జీతం ఇచ్చేవాడా అని అడగాలి. డైట్ చెప్పే ఏ మనిషి విషయంలోనైనా నేను మొట్టమొదట చూసేది, ఈయనకు డబ్బు ఎటు నుంచి వస్తోంది అన్నదే.

కహత్ తర్వాత మన తిండి మీద పరిశోధన వేరే చోట మొదలైంది. 1918లో నీలగిరి కొండల్లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న ప్రయోగశాల పెట్టాడు. అది 1958లో హైదరాబాద్‌కి వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే ఉంది, చాలామంది దాని ముందు నుంచి బస్సులో పోయి ఉంటారు. ప్రపంచమంతా తిండి మాట చెబుతుంటే, ఆ మాట మన ఒళ్లకు పనికొస్తుందా అని అడిగిన చోటు అది. ఒక ఉదాహరణ చాలు. 1968లో ఐక్యరాజ్య సమితి సలహాదారులు ప్రపంచానికి ప్రోటీన్ సంక్షోభం ముంచుకొస్తోందని నివేదిక ఇచ్చారు. పేద దేశాల పిల్లలకు లోటు ప్రోటీనే అనీ, దానికి ప్రత్యేక పొడులూ పిండులూ కావాలనీ పెద్ద పెద్ద వాళ్లు నమ్మారు. హైదరాబాద్‌లో సి. గోపాలన్ బృందం పల్లె పిల్లలకు ఏడాదికి పైగా, ప్రోటీన్ చాలా తక్కువగా, కేలరీలు మాత్రం చాలినంతగా ఉండే అదనపు తిండి పెట్టి చూసింది. పిల్లలు ఎదిగారు. గింజలూ పప్పూ ఉన్న మన మామూలు తిండే కడుపు నిండా దొరికితే ప్రోటీన్ దానంతట అదే చాలావరకు అందుతుందని, అసలు లోటు కడుపు నిండకపోవడమేనని వాళ్లు 1973లో రాశారు. మరుసటి ఏడే డొనాల్డ్ మెక్‌లారెన్ అనే డాక్టర్ లాన్సెట్ పత్రికలో ఆ ప్రోటీన్ పిచ్చినంతా ఏకిపారేశాడు.

అదే సంస్థలో ఇంకో కథ. దక్కన్‌లో జొన్నలు మాత్రమే తినే పేదలకు ఒంటి మీద ఎండ తగిలేచోట చర్మం నల్లబడి ఊడే పెల్లాగ్రా వచ్చేది. జొన్నల్లో లూసిన్ అనే పదార్థం ఎక్కువ కావడమే దీనికి కారణం కావచ్చని గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన మీద తర్వాత చాలా వాదాలు నడిచాయి, ఇతర దేశాల వాళ్లు ప్రశ్నించారు, వీళ్లు మళ్లీ ప్రయోగాలు చేశారు. ఇల్మ్ అలాగే నడుస్తుంది. వింత ఏమిటంటే, ఒకప్పుడు ఎక్కువైతే ప్రమాదమేమో అని అనుమానించిన అదే లూసిన్‌ని ఇవాళ జిమ్ కౌంటర్లో రంగు డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. కొనేవాడికి ఆ చరిత్ర తెలియదు, అమ్మేవాడికీ తెలియదు.

మన తెలుగు ఇళ్ల దాకా వస్తే, గత పాతికేళ్లలో ఖురాక్ చెప్పేవాళ్ల పెద్ద జాతరే నడిచింది. మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పూ నూనే మానేయమన్నారు, లక్షల మంది మానేశారు. తర్వాత వీరమాచినేని రామకృష్ణ గారు కొబ్బరి నూనె తాగమన్నారు, లక్షల మంది తాగారు. కొన్ని ఇళ్లలో అవే ప్రాణాలు రెండు పనులూ చేశాయి! ఇద్దరి సభలూ నిండాయి. మన ప్రొద్దుటూరు బిడ్డ ఖాదర్ వలీ గారు కొర్రలూ, అండుకొర్రలూ, అరికెలూ, సామలూ, ఊదలూ మళ్లీ దస్తర్‌ఖాన్ మీదికి తెచ్చారు. 2023లో పద్మశ్రీ వచ్చింది. అనంతపురానికి ఇది చిన్న ఫాయిదా కాదు. వేరుశనగ నేలంతా ఆక్రమించి, 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక ఇక్కడి పొలాల్లోంచి, వంటింట్లోంచి కొర్రా సామా మాయమైపోయాయి. వాటిని గుర్తుచేసిన మనిషికి షుక్రియా చెప్పాలి. అయినా ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఆయన పేరు ముందున్న డాక్టరు పీహెచ్‌డీ డాక్టరు. వానలేని నేలకు కొర్ర మంచి పంట, మంచి తిండి అన్న మాట వేరు. ఫలానా గింజ ఇన్ని వారాలు తింటే ఫలానా జబ్బు పోతుందన్న దావా వేరు. మొదటిదానికి రైతు గవాహీ చాలు. రెండోదానికి రక్తపరీక్షల సబూత్ కావాలి, అది కూడా వందల మందిలో. వేదిక మీద ఎవరున్నా, మన వాడైనా సరే, నా కొలత ఇదే.

రంజాన్‌లో ఈ విషయం ఇంకా సూటిగా తగులుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు సెహ్రీలో ఇది తినండి, ఇఫ్తార్‌లో అది తాగండి, మాత్ర అక్కర్లేదు అని వీడియోలు వరదలా వస్తాయి. ఇన్సులిన్ తీసుకునే మనిషికీ, ఒక్క మాత్రతో నడిచే మనిషికీ రోజా సంగతి ఒకటి కాదు. మంచి కోచ్ ఎవరంటే, ‘ఇది మీకు కాదు, మీరు మీ డాక్టర్‌ని కలవండి’ అని కొందరిని తన దగ్గర్నుంచి పంపించేసేవాడు. ఫాలోవర్లను పోగొట్టుకునే మాట చెప్పగలిగినవాడి మీద నాకు ఏతబార్ కుదురుతుంది. ఎవరూ వెళ్లక్కర్లేదు, అందరికీ ఇదే పనిచేస్తుంది అన్నవాడి వీడియోని నేను అక్కడే ఆపేస్తాను.

సనద్ అడగడానికి ఇప్పుడు ఖానూన్ కూడా మన పక్షాన కొంత ఉంది. 2023 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు తెచ్చింది: సోషల్ మీడియాలో జబ్బుల గురించీ, ఆరోగ్య ఉత్పత్తుల గురించీ చెప్పే డాక్టర్లూ ఫిట్‌నెస్ నిపుణులూ తమ అర్హతను వెల్లడించాలి; అర్హత లేని సెలబ్రిటీలు, ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ మాట డాక్టర్ సలహాకి బదులు కాదని స్పష్టంగా చెప్పాలి. డబ్బు తీసుకుని పొగిడితే ఆ సంగతి చెప్పాలన్నది అంతకుముందే ఉంది. పాటించేవాళ్లు ఎందరో మీరే రీల్స్ తిప్పుతూ లెక్కపెట్టండి. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో డైటీషియన్లు, న్యూట్రిషనిస్టులు కూడా ఉన్నారు. కాబట్టి ‘నువ్వు ఎక్కడ చదివావు?’ అని కామెంట్లో అడగడం బే-అదబీ కాదు. నిజమైన ఉస్తాద్ ఆ ప్రశ్నకు కోపగించుకోడు, ఆయన కూడా ఒకప్పుడు అడిగే వచ్చాడు.

పట్టా ఉంటే చాలా అంటే, చాలదు. పట్టా ఉండి పొడి అమ్మేవాళ్లున్నారు. పట్టా లేకుండా ఇరవై ఏళ్లుగా కుర్రాళ్ల మోకాళ్లు కాపాడుతున్న ఊరి ఉస్తాదులూ ఉన్నారు. కసరత్తు ఎలా చేయాలన్నదానికి రెండోవాళ్లను నమ్ముతాను. ఏం తినాలన్నదానికి, అందులోనూ జబ్బు ఉన్నప్పుడు, చదివినవాళ్లనే నమ్ముతాను. ఒకే మనిషి రెండూ చెబుతుంటే కాస్త అనుమానంగా చూస్తాను. ఈ రెండు ఇల్మ్‌లూ ఒకే చోట ఉండటం అరుదు.

డబ్బాల సంగతి కూడా తేల్చేద్దాం. కేరళకు చెందిన కాలేయ వైద్యుడు సిరియాక్ అబ్బీ ఫిలిప్స్ బృందం ఇండియాలో అమ్ముతున్న 36 ప్రోటీన్ పొడులను పరీక్ష చేయించి 2024లో ప్రచురించింది. దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రోటీన్ లెక్క సరిగా లేదు. ఆ ఏడాది మే నెలలోనే హైదరాబాద్ సంస్థ ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, కండ కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వాడవద్దని సలహా ఉంది. మామూలు పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలని అదే సంస్థ లెక్క. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. గట్టిగా బరువులెత్తేవాళ్లకు అంతకన్నా కొంత ఎక్కువ కావాలని వ్యాయామ శాస్త్రం చదివినవాళ్లు అంటారు, దాన్ని నేను కాదనను. కానీ ఆ కొంత ఎక్కువ గుడ్లలో, పెరుగులో, పప్పులో దొరకనంత కాదు.

మరి ఫోన్‌లో చెప్పే అంకె నిజమో కాదో చూడటం ఎలా? ఆ సంస్థే 2017లో మన దేశపు తిండి పదార్థాల పట్టికలు అచ్చేసింది, 528 పదార్థాలు. మనం తినే రకాలకు దేశంలో ఊరూరా నమూనాలు తెచ్చి కొలిచిన లెక్కలు. ‘న్యూట్రిఫై ఇండియా నౌ’ అని వాళ్ల యాప్ కూడా ఉంది. మొన్న ఒక రీల్ చూశాను. రాగి సంగటి తింటే ప్రోటీన్‌కి మాంసం అక్కర్లేదట, కండలు తిరిగిన తమ్ముడు మంచి రాయలసీమ యాసలో చెప్పాడు. పట్టిక తీసి చూస్తే, వంద గ్రాముల రాగుల్లో ప్రోటీన్ ఏడు గ్రాముల దగ్గరే. రాగిలో గొప్పగా ఉన్నది సున్నం, అంటే కాల్షియం, 340 మిల్లీగ్రాములకు పైనే. ప్రోటీన్ ఎక్కువున్నది మన వేరుశనగ గింజలో, వందకు ఇరవై మూడు గ్రాముల పైచిలుకు. నలభై ఏళ్లుగా ఈ జిల్లా పండించి, మిల్లుకు తోలి, నూనె తీయించి, చెక్కను పశువులకు పెట్టిన గింజ అది. సంగటితోపాటు గుప్పెడు వేయించిన గింజలు, ఒక గుడ్డు, కాస్త పప్పు అని ఆ తమ్ముడు చెప్పి ఉంటే ఫాలో బటన్ నొక్కేవాడిని.

కామెంట్లో పట్టిక అంకె రాసి అడిగాను. రెండు రోజులకు ఆయన జవాబిచ్చాడు: ‘కరెక్టే అన్నా, వీడియో మారుస్తా.’ మార్చాడు కూడా. ఇప్పుడు ఫాలో అవుతున్నాను.